మూత పెట్టి ఉంచిన వాటా

జూన్ 1, ఆదివారం

ఈ నెల కూడా తాగలేదు.

ఆరో నెల. నెల మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు పళ్ళెం వరస వెంట నా దాకా వస్తుంది. అందరిలాగే రొట్టె ముక్క తీసుకుంటాను, ద్రాక్షరసం ఉన్న చిన్న గ్లాసు తీసుకుంటాను, తల వంచుతాను. రొట్టె చేతిరుమాల్లోకి, గ్లాసు బెంచీ కిందికి. రొట్టె ఇంటికి వచ్చే దారిలో పిచ్చుకలకు వేస్తాను. గ్లాసుతో ఇబ్బంది లేదు, కడిగేది నేనే కాబట్టి. ఫిబ్రవరిలో పాస్టరుగారి భార్య దగ్గరికి వెళ్ళి ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. "ఎంత తపన ఉందమ్మా నీకు దేవుని పనంటే!" అన్నారు అమ్మగారు. నేలకేసి చూశాను. దాన్ని వినయం అనుకున్నారు.

నమ్మకుండా తీసుకోవడం తప్పని చిన్నప్పటినుంచి విన్నాను. అన్నీ పోయినా ఆ ఒక్క మాటను మాత్రం ఇంకా నమ్ముతున్నట్టున్నాను. నవ్వొస్తుంది.

ఏ కష్టమూ రాలేదు. వచ్చి ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. జనవరిలో ఒక ఉదయం ప్రార్థన మధ్యలో ఆగి వింటే అవతల ఎవరూ లేనట్టు అనిపించింది. అంతే.

ఈవేళ ఒక గ్లాసు తగ్గింది. నూట పంతొమ్మిది. తాళాలత్తయ్య, నేను రెండుసార్లు లెక్కపెట్టాం. అసలు పేరు ఎవరికీ గుర్తులేనంత కాలంగా గుడి తాళాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ గ్లాసులు కడుగుతోంది. నేను పెట్టిన చోట నా గ్లాసు కూడా కనపడలేదు, ఆవిడే ముందుగా ఏరేసినట్టుంది. సండే స్కూలు గది పైకప్పు మరమ్మతు మొదలైంది కదా, పిల్లలంతా పెద్దవాళ్ళ పక్కనే కూర్చున్నారు. అంతా గందరగోళం.

జూన్ 4

ఉడత గుడ్డు తినలేదు. మా అమ్మాయికి ఆరున్నరేళ్ళు వచ్చాయి, అలక మాత్రం అరవై ఏళ్ళవాళ్ళది. దొరికిన గుండీలూ సీసా మూతలూ అన్నీ పోగేసుకుంటుందని పెట్టిన పేరు, ఇప్పుడు బళ్ళో టీచరు కూడా అలాగే పిలుస్తోంది. వాళ్ళ నాన్న బల్ల మీద వేలితో కొట్టాడు.

"తినేదాకా లేవకూడదు."

"ఆకలి లేదు."

"వద్దులెండి," అని పళ్ళెం మీద మూత పెట్టాను. "ఉంచుతాను. ఆకలి వేసినప్పుడు తింటుంది."

"గారాబం. ఎప్పటికీ వేయకపోతే?"

"వేస్తుంది. అందరికీ వేస్తుంది."

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. బటన్ నొక్కితే రావాలి, రాకపోతే ఎక్కడో వైరు తెగిందన్నమాట. పిల్లలు అలా పనిచేయరంటే ఒప్పుకోడు.

ఎనిమిది గంటలకు వంటగదిలో మూత చప్పుడయింది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే తినదు.

జూన్ 19

మా చిన్నవాడు గుండు చేసిన ప్రార్థన, యథాతథంగా: "దేవా, నాకు తోక ఇయ్యి. పొడుగుది. ఆమెన్."

నెల రోజులుగా ఇదే. మూడేళ్ళవాడు, రోజూ స్నానం తర్వాత వీపు వెనక తడిమి చూసుకుంటాడు. లేకపోతే ఏడవడు. "ఇంకా రాలా," అని చెప్పి బట్టలేసుకుంటాడు. మర్నాడు మళ్ళీ అడుగుతాడు.

వాడి తర్వాత నా వంతు. నా గొంతు దానంతటది చెప్పేసుకుపోతుంది, అరిగిపోయిన టేపులా. ఉడత ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది ఈమధ్య. దానికి నిద్ర రావడం లేదనుకుంటాను.

జూలై 6, ఆదివారం

తాగలేదు. నూట పద్దెనిమిది.

తాళాలత్తయ్య చేతులు వణుకుతున్నాయి. సబ్బు నీళ్ళలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే నా పళ్ళు పులిశాయి. పగిలితే చెప్పవచ్చు కదా. ముక్కలు కాగితంలో చుట్టి పారేస్తోందేమో. నేనేమీ అనుకోవడం లేదు. ఊరికే రాస్తున్నాను.

జూలై 7

నేనేమీ అనుకోవడం లేదు.

జూలై 9

ఉడత ఆదివారం గౌను జేబులో ఊదారంగు మరక, అట్టకట్టి ఉంది. పోయిన నెల కూడా ఉతికాను దీన్ని. రంగు పెన్సిలు కాబోలు. అడిగితే, "నాకు తెలీదు," అని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. పెన్సిళ్ళు బళ్ళో వదిలేసి రమ్మన్నాను.

కాలేజీలో నేను చెప్పే గణాంకశాస్త్రం పరీక్ష పేపర్ల మూట వచ్చింది. నూట నలభై. ఒక కుర్రాడు రాశాడు: "సాక్ష్యం లేకపోవడం వేరు, లేదనే సాక్ష్యం వేరు." సగం మార్కులు వేసి, తర్వాత పూర్తిగా వేశాను.

ఆగస్టు 3, ఆదివారం

తాగలేదు. నూట పదిహేడు.

అమ్మగారే అడిగారు. "గ్లాసులు తగ్గుతున్నాయట? ప్లాస్టిక్‌వి తెప్పిద్దామంటున్నారు సంఘ పెద్దలు. వాడి పారేసేవి."

అప్పుడు అన్నాను. ఎలా అన్నానో సరిగ్గా రాసుకోవాలి. "తాళాలత్తయ్యకు చేతులు వణుకుతున్నాయి పాపం. వయసయింది కదా. కొంచెం విశ్రాంతి ఇస్తే..." అన్నాను. పగలగొడుతోందని అనలేదు. ఆ మాట నా నోటినుంచి రాలేదు.

అమ్మగారు నా భుజం తట్టారు. "నీకెంత జాలి!"

ఆగస్టు 10

కడిగే పనినుంచి విశ్రాంతి ఇచ్చారట. తాళాలత్తయ్య తలుపులు తెరిచి, వెళ్ళి ఆఖరి వరసలో కూర్చుంది. ఎప్పుడూ ముందు పక్క తలుపు దగ్గర నిలబడేది. నాకు నమస్కారం పెట్టింది, మామూలుగానే.

ఆగస్టు 11

మంచికే. విశ్రాంతిగా ఉంటుంది.

ఆగస్టు 24

వాన. పిల్లలిద్దరూ ఇంట్లోనే. గుండు బల్ల కింద దూరి దుప్పటి కప్పుకున్నాడు. కాళ్ళు రెండూ బయటికి.

"గుండు ఎక్కడ?" అన్నాను.

"నేను లేను," అన్నాడు దుప్పటిలోంచి.

బీరువాలో వెతికాను, తలుపు వెనక వెతికాను. "నేను లేనూ!" ఈసారి గట్టిగా, నేను దూరం పోతున్నానని కంగారు. ఉడత నా చెయ్యి పట్టుకుని గుసగుసగా, "వాడి కాళ్ళు నాకు కనబడుతున్నాయి. కానీ చెప్పకూడదు. వాడే రావాలి," అంది.

ఎంతసేపు వెతికినా విసుగు రాలేదు నాకు. అదే వింతగా ఉంది. పొద్దున ఆరాధనలో కూర్చుని అనుకున్నది కూడా అదే మాట. నేను లేను. నా కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోలేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

తాగలేదు. ఒక్కదాన్నే కడిగాను. ఒక్కదాన్నే తుడిచాను. ఒక్కదాన్నే లెక్కపెట్టాను.

నూట పదహారు.

సెప్టెంబరు 8

పిల్లలకు క్లాసులో ఏం చెప్తాను? ఒక కారణాన్ని అనుమానిస్తే దాన్ని తీసేసి చూడండి. ఫలితం మారకపోతే కారణం అది కాదు.

తీసేశాను. ఫలితం మారలేదు.

మారలేదు.

సెప్టెంబరు 13, శనివారం

ఇది అంతా రాసి తీరాలి.

పొద్దున పిల్లల గది ఊడుస్తుంటే గోడ వెంట చీమల బారు. కిటికీ కింది నుంచి మొదలై చెప్పుల అర వెనక్కి పోతోంది. అర జరిపాను. గుండు పాత బూట్ల అట్టపెట్టె. మూత తీస్తే లోపల నాలుగు గ్లాసులు, వరసగా, చేతిరుమాలు పరిచి దాని మీద.

ఒక్కోదానికీ మూత ఉంది. ఒకదానికి సీసా మూత. ఒకదానికి నా కోటు గుండీ, మార్చిలో ఇల్లంతా వెతికినది. ఒకదానికి గుండు బొమ్మకారు చక్రం. నాలుగోదానికి సరిపోయేది దొరకలేదేమో, కాగితం మడిచి దారంతో కట్టింది. అడుగున ఊదారంగు చార. పాతదానిలో బూజు. చీమలు కాగితం మూతను కొరికి దిగాయి.

కొత్త దానిలో మాత్రం ఇంకా ఒక చుక్క ఉంది.

ఎంతసేపు నేల మీద కూర్చున్నానో. ఉడత గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చీమల్ని చూసింది, పెట్టెను చూసింది, ముఖం మాడిపోయింది.

"ఇవేంటే?"

"నీవి."

"నావేంటి?"

"నువ్వు తాగకుండా బెంచీ కింద పెట్టేస్తావుగా. రొట్టె పిచ్చుకలకు వేస్తావు, అది వృథా పోదు. ఇదైతే సింకులో పోసేస్తావు." పెట్టె దగ్గర గొంతుక్కూర్చుంది. "జేబులో పెట్టుకుని చెయ్యి అడ్డం పెట్టా. కానీ నడుస్తుంటే కారిపోతుంది. ప్రతిసారీ కారిపోయింది. కొంచెమే మిగిలింది."

"ఎందుకు తెచ్చావు?"

ఇంత తెలివితక్కువ ప్రశ్న వేస్తానని అనుకోనట్టు చూసింది. "నీకు ఆకలి లేదుగా అప్పుడు. మూత పెట్టి ఉంచా."

కోటు గుండీ తీసి చేతిలో పెట్టుకున్నాను.

"చీమలు వస్తాయని తెలీదమ్మా. సారీ."

"నాన్నకు చెప్పావా?"

"నేను తినేటప్పుడు నువ్వు వెనక్కి తిరిగి చూస్తావా? చూడవుగా. మరి నేనెందుకు చెప్తా?"

"ఒకవేళ..." గుండీ మళ్ళీ గ్లాసు మీద పెట్టాను. "ఒకవేళ నాకు ఎప్పటికీ ఆకలి వేయకపోతే?"

"వేస్తుంది," అంది చీమను ఊదుతూ. "అందరికీ వేస్తుంది."

తర్వాత గుండు వచ్చి తన చక్రం చూసుకుని అల్లరి చేశాడు, దొంగ అన్నాడు, అక్కను కొట్టాడు. ఇద్దరినీ విడదీసి, చీమలు ఊడ్చి, గ్లాసులు వేడినీళ్ళలో వేశాను. కడుగుతూ ఏడ్చాను. చాలా రోజులకు అది నిజమైన పని అనిపించింది, కడగడం.

ఇంకొకటి కూడా రాయాలి. తాళాలత్తయ్య గురించి నేనేమీ అనలేదని రాసుకున్నాను, ఆగస్టు మూడున. అన్నాను. జాలిగా అన్నాను. అది ఇంకా హీనం.

సెప్టెంబరు 14, ఆదివారం

ఆఖరి వరస వైపు చూడలేకపోయాను. గ్లాసులు సంచిలోనే ఉన్నాయి. తీసుకెళ్ళినట్టే తిరిగి తెచ్చాను.

సెప్టెంబరు 17

మా ఆయనకు చెప్పాను. అన్నీ. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. తర్వాత, "నాలుగు నెలలు ఉడత నాకు తెలియకుండా దాచిందా?" అన్నాడు. నా సంగతి ఆయనకు రెండోది. కాసేపయ్యాక వచ్చి పక్కన కూర్చుని, "జనవరిలోనే చెప్పి ఉంటే బాగుచేసేవాడిని కాదు, నాకు చేతకాదు. కూర్చునేవాడిని," అన్నాడు.

సెప్టెంబరు 20, శనివారం

వెళ్ళాను. గుడి వెనక ఇనుప మెట్లెక్కితే ఒకే గది. గోడకు మేకుల వరస, ఒక్కో మేకుకూ ఒక తాళంచెవి.

"రండి టీచరమ్మా. ఆ కుర్చీకి ఒక కాలు కుంటి, గోడకేసి వాలండి, పడరు."

వాలకుండానే గ్లాసులు నాలుగూ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని చూసింది, నన్ను చూసింది.

"దొరికాయన్నమాట."

"మా ఉడత తీసింది. తప్పు దానిది కాదు. నేను..." తలుపు వైపు చూసి చెప్పాను, ఆవిడ వైపు చూడలేక. "ఎనిమిది నెలలుగా నేను బల్ల తీసుకోవడం లేదత్తయ్యా. తీసుకున్నట్టు కనిపిస్తాను, అంతే. నా వాటా గ్లాసు అది దాచింది. లెక్క తగ్గితే మీ మీద..."

"తొమ్మిది," అంది.

"ఏంటి?"

"ఎనిమిది కాదు, తొమ్మిది. జనవరి కలపలేదు మీరు. లెక్కల టీచరమ్మ గదా, చూసుకోవద్దూ?"

నిజంగానే కుర్చీ వాలిపోయింది. గోడ పట్టుకున్నాను.

"మీకు తెలుసా?"

"నూట ఇరవై గ్లాసుల్లో ఒకటి నిండుగా ఉంటే కనపడదా? జనవరిలో మీ బెంచీ కింద తీసింది నేనే. ఫిబ్రవరిలో మీరే కడుగుతానని వచ్చారు. సరే, అనుకున్నా."

"మరి నేను అమ్మగారితో మీ చేతులు వణుకుతున్నాయని చెప్పినప్పుడు..."

"వణుకుతున్నాయిగా!" రెండు చేతులూ చాచి చూపించింది, ఏదో ఘనకార్యంలా. "అబద్ధమేం చెప్పలేదు మీరు. నేను పగలగొట్టలేదు, అంతే."

"ఒక్క మాట అంటే సరిపోయేది కదత్తయ్యా! ఎందుకు ఊరుకున్నారు?"

"ఏమని? అమ్మగారూ, గ్లాసులు నేను పగలగొట్టలేదు గానీ టీచరమ్మ తాగడం లేదండీ అనా? మీరు చెప్పుకోవాల్సిన మాట నేను చెప్తే అదేం బాగుంటుంది?" గ్లాసు ఒకటి తీసి వెలుగుకేసి పెట్టి చూసింది. "కోపం రాలేదనుకోకండి. వచ్చింది. రెండు ఆదివారాలు మిమ్మల్ని తిట్టుకుంటూనే పాటలు పాడా."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ చేతులు పట్టుకున్నాను. వణుకుతున్నాయి.

"నేనూ రెండేళ్ళు తాగలేదమ్మా," అంది నెమ్మదిగా. "మా ఆయన పోయినప్పుడు కాదు, అప్పుడు బాగానే తాగా. ఆ తర్వాత, అంతా సర్దుకున్నాక. అప్పట్లో కడిగేది నేనొక్కదాన్నే, అడిగేవాళ్ళెవరు? కడిగే పని కావాలని అడిగి మరీ వచ్చేవాళ్ళంతా శుభ్రం మీద ప్రేమతో వస్తారనుకున్నారా?"

ఈసారి నవ్వాను. ఇద్దరం నవ్వాం. కళ్ళు తుడుచుకున్నాక అడిగాను, మళ్ళీ ఎలా మొదలుపెట్టారని. ఏదో ఒక దర్శనం, ఒక పాట, ఒక వాక్యం చెబుతుందని ఎదురుచూశాను. రాసుకోవాలని కూడా అనుకున్నాను.

"ఒక ఆదివారం దాహం వేసింది."

"అంటే..."

"ఎండాకాలం."

వేళాకోళమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

"నన్ను క్షమించండత్తయ్యా."

"అది సరేగానీ, నన్ను సింకు దగ్గరికి రానిస్తారా లేదా? ఆ వెనక బెంచీ మీద నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి. చేతులు సబ్బులో ఉంటేనే నాకు ప్రసంగం బుర్రకెక్కుతుంది."

సెప్టెంబరు 21

ఆరాధన అయ్యాక అమ్మగారికి చెప్పాను. ముందు గ్లాసుల సంగతి, తర్వాత నా జాలి సంగతి, ఆఖరికి అసలు సంగతి. మందలిస్తారనుకున్నాను. పాటల పుస్తకాలు సర్దుతూ విన్నారు.

"ఇరవై ఏళ్ళుగా ముందు వరసలో కూర్చుంటున్నానమ్మా," అన్నారు. "వెనక ఎవరు ఏం చేస్తున్నారో చూసే వీలే లేదు నాకు. నేనేం చేస్తున్నానో మాత్రం అందరూ చూస్తారు." తర్వాత వెళ్ళి తాళాలత్తయ్య చెయ్యి పట్టుకుని ముందు పక్క తలుపు దగ్గరికి తీసుకొచ్చారు. ప్లాస్టిక్ గ్లాసులు వద్దని సంఘ పెద్దలకు చెప్పారట.

సెప్టెంబరు 29

గుండు ప్రార్థన: "దేవా, తోక. నువ్వు మర్చిపోయావా? ఆమెన్."

నా వంతు వచ్చినప్పుడు పాత టేపు వేయలేదు. "నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు," అన్నాను పైకే. ఉడత రెండు కళ్ళూ మూసుకుంది. అది చాలా నెలల తర్వాత.

అక్టోబరు 5, ఆదివారం

సండే స్కూలు గది పైకప్పు పూర్తయింది. అయినా ఉడత నా పక్కనే కూర్చుంటానంది. వద్దనలేదు.

పళ్ళెం వచ్చింది. నమ్మకం వచ్చిందా అని ఎవరైనా అడిగితే నిజంగా చెప్పలేను. ఈ ఉదయం కూడా ఆగి విన్నాను, ఏమీ వినపడలేదు. కానీ జనవరిలో లాగా ఖాళీగా లేదు. ఎవరో వెనక్కి తిరిగి చూడకుండా ఉన్నట్టు, నేను తినాలని, తిరిగితే తిననని తెలిసి ఉన్నట్టు ఉంది. అంతకంటే ఎక్కువ రాస్తే అబద్ధం అవుతుంది.

రొట్టె తిన్నాను. గ్లాసు ఎత్తాను. ఉడత ముందు బెంచీలో ఉన్న పెద్దమనిషి బట్టతల కేసి దీక్షగా చూస్తోంది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మెడ బిగువు చూస్తే తెలుస్తోంది ఎంత కష్టపడి చూడటం లేదో.

తాగాను.

తీపి, కొంచెం వగరు. నాలుక మీద అరక్షణం. ఇంత చిన్నదానికి తొమ్మిది నెలలు పట్టింది నాకు.

తర్వాత సింకు దగ్గర ఇద్దరం. ఆవిడ సబ్బు, నేను తుడవడం. గలగల వినిపిస్తుంటే పళ్ళు పులియలేదు. లెక్కపెట్టాను. నూట పంతొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. నూట పంతొమ్మిది. ఉడత వైపు తిరిగాను. అది జేబులు రెండూ బయటికి లాగి చూపించింది, గట్టిగా తల అడ్డంగా ఊపుతూ.

తాళాలత్తయ్య చెయ్యి చాచింది.

"ఆ పిడికిట్లోది ఇస్తారా టీచరమ్మా, ఇంటికి పట్టుకెళ్తారా?"

నా ఎడమ చేతిలోనే ఉంది. తాగాక ఎక్కడా పెట్టలేదు. అంచు గట్టిగా నొక్కుకుని అరచేతిలో గుండ్రంగా గుర్తు పడింది. ఇప్పుడు రాస్తుంటే కూడా కొంచెం కనిపిస్తోంది.

నూట ఇరవై.

సాయంత్రం ఉడత గుడ్డు తినలేదు. మూత పెట్టాను.